ప్లేఆఫ్స్‌కి సూటు వేసుకునే మనిషి

నా కళ్ళకేం కాలేదురా చింటూ, కళ్ళజోడు మార్చాల్సిన పని కూడా లేదు. మొన్న నువ్వక్కడ వాటర్లూలో, నేనిక్కడ వాంకూవర్‌లో ఒకే ఐస్ హాకీ మ్యాచ్ పెట్టుకుని ఫోన్లో కబుర్లు చెప్పుకుంటుంటే అడిగావు కదా, "అమ్మమ్మా, ఫైట్ మొత్తం చూస్తావు. అయిపోయాక వాళ్ళు వెళ్ళి పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటే మాత్రం మొహం తిప్పేసుకుంటావు. వై?" అని. మీ చెల్లెలు అమ్ములు వెనకనుంచి, "అమ్మమ్మ ఈజ్ సో ఫన్నీ" అని నవ్వింది. అప్పటికి ఏదో అని దాటేశాను. ఆట మధ్యలో చెప్పే మాట కాదది. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, మీ అమ్మ చదివి వినిపిస్తుంది. మధ్యమధ్యలో ఇంగ్లీషులోకి మార్చకుండా చదవమన్నానని చెప్పండి.

అలా మొహం తిప్పుకోవడం ఒకాయన నాకు నేర్పిన మర్యాద. ఆయన పోయి ఇంకా నెల కాలేదు.

పేరు చెప్పను. చెబితే మీరు ఆ క్షణమే ఫోన్లో వెతుకుతారు. ఆయన ఎవరినో కొడుతున్న పాత వీడియోలు మసకమసగ్గా రెండో మూడో దొరుకుతాయి. ఆయనంటే అంతే అనుకుంటారు. అది నాకిష్టం లేదు.

మీ పిన్ని ఈ ఇల్లు కొన్న కొత్తలో, వెనక కంచె పక్కన కుండీల్లో గోంగూర కోస్తున్నాను. కంచె అవతలనుంచి ఒక పెద్ద తలకాయ లేచింది. ముక్కు రెండుచోట్ల వంకర. ఒక కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని గీత. చూడగానే కోస్తున్న కొమ్మ వదిలేసి వెనక్కి జరిగాను. ఆ తలకాయ నోరు తెరిచి, "ఏమక్కా, గోంగూరనా అది? బాగుండావా?" అంది.

నేను తెల్లబోయాను. "మీరు తెలుగువాళ్ళా?" అన్నాను.

"మా అవ్వ తెలుగు. నేను ఫిజీ. అవ్వ నోట విన్నంత వస్తాది, అంతే. మీరు అనొద్దక్కా, అక్క తమ్ముడ్ని మీరు అంటే తమ్ముడికి ఆయుష్షు తగ్గుతాదని అవ్వ చెప్పేది."

ఆయన అవ్వ వాళ్ళు చిత్తూరు అవతలనుంచి ఎప్పుడో ఓడెక్కి చెరకు నరకడానికి ఫిజీ వెళ్ళినవాళ్ళు. ఆయన్ని చిన్నప్పుడే ఈ దేశం తెచ్చారు. అవ్వ మాట తప్ప ఆయన తెలుగులో ఇంకెవరి మాటా లేదు. మనం ఎప్పుడో వదిలేసిన మాటలు ఆ వంకర ముక్కు కిందనుంచి వస్తుంటే వింతగా ఉండేది, ముద్దుగా కూడా ఉండేది. కంచె అవతలి ఇల్లు ఆయన మేనకోడలిది. భార్య పోయాక ఆ అమ్మాయి తన దగ్గరే ఉంచుకుంది.

ఒకరోజు గోంగూర పచ్చడితో అన్నం తినమని పిలిచాను. ఆయన చేత్తో తినబోయాడు. వేళ్ళు దగ్గరికి రావు. పిడికిలి బిగిస్తే పైకి లేవాల్సిన ఎముకలు ఆయనకి అణిగిపోయి, చెయ్యంతా చదునుగా ఉండేది. మెతుకులు జారిపోతున్నాయి. స్పూను ఇస్తే వద్దన్నాడు. "గోంగూర స్పూన్‌తో తింటే అవ్వ కొడతాది." నేను పక్కన కూర్చుని ముద్దలు చేసి ఆయన పళ్ళెంలో పెట్టాను. ఒక్కొక్కటీ తీసుకుని, కళ్ళు మూసుకుని తిన్నాడు. ఆ తరవాత ఎప్పుడొచ్చినా అంతే. ఆయన రావడం, నేను ముద్దలు చెయ్యడం.

ఆ చేతులతో ఏం పనిచేశావు తమ్ముడూ అని అడిగితే, "కొట్టే పని" అన్నాడు.

మీకు తెలుసు కదా, నాకంటే మీకే బాగా తెలుసు, పాతకాలంలో ప్రతి టీంలోనూ ఒకడుండేవాడు. గోల్స్ కొట్టడు. తన టీంలో గోల్స్ కొట్టే వాడి మీద ఎవడైనా చెయ్యి వేస్తే వెళ్ళి వాడితో కొట్లాడతాడు. ఈయన కొండల అవతలి చిన్న ఊళ్ళ టీముల్లో ఏళ్ళతరబడి ఆ పని చేశాడు. టీవీలో వచ్చే పెద్ద ఆటలకి ఎప్పుడూ రాలేదు. బస్సుల్లో పడుకోవడం, ఐసు ముక్కల బకెట్లో చేతులు పెట్టుకుని తెల్లవార్లూ ప్రయాణాలు.

"అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చేది?" అన్నాను.

"కోపం యాడిదక్కా? పని. ఆ పక్కవాడికీ పని. మధ్యాన్నం నాకు తిండి పోయేది కాదు, వాంతి అయ్యేది. వాడికీ అయ్యేదంట. తరవాత ఎప్పుడో కలిసి బీర్ తాగతా చెప్పె."

దానికీ కొన్ని పద్ధతులున్నాయట. కిందపడ్డవాణ్ణి కొట్టకూడదు. చెయ్యి దెబ్బతిన్నవాడితో తలపడకూడదు. అన్నిటికంటే పెద్దది గ్లవ్స్ పద్ధతి. గ్లవ్స్ తీసి మంచు మీద పారేశావంటే మాట ఇచ్చినట్టే, ఇంక కొట్టి తీరాలి. "గ్లవ్స్ పడినాక కొట్టకుండా తిరిగిపోతే, వాడు మళ్ళీ ఏ టీం బస్సూ ఎక్కలేడక్కా."

అందుకే కాబోలు, ఆయన తన చేతి గ్లవ్స్ ఎప్పుడూ కింద పడనిచ్చేవాడు కాదు. చినుకు పడితే చాలు ఆ వేళ్ళు లాగేవి. మన వాంకూవర్‌లో చినుకు పడనిదెప్పుడు? ఏడాదంతా నల్ల తోలు గ్లవ్స్ ఉండేవి. మా ఇంట్లోకి రాగానే తీసి, ఒకదానిలో ఒకటి దూర్చి, కోటు జేబులో పెట్టుకునేవాడు. ఎవరి గ్లవ్ కింద కనబడినా వంగి తీసి బల్లమీద పెట్టేవాడు.

ఇంక నీ ప్రశ్న. ఒకసారి టీవీలో ఇద్దరు కొట్టుకున్నారు. నేను బెదిరిపోతూనే చూశాను. తరవాత వాళ్ళు శిక్షకి చెరో గాజు గదిలోకి, అదే మీ పెనాల్టీ బాక్స్‌లోకి, వెళ్ళి కూర్చున్నారు. కెమెరా దగ్గరగా వెళ్ళింది. ఈయన చప్పున, "చూడొద్దక్కా, ఇప్పుడు చూడొద్దు" అన్నాడు.

"కొట్టుకునేటప్పుడు చూడొచ్చు గానీ ఇప్పుడేమైంది?"

"అది చూసేదానికే చేస్తారు. ఇప్పుడు వాడి చేతులు వణుకుతాయి. ఎవరూ చూడకూడదని తొడల కింద పెట్టుకుంటాడు. చూడు, పెట్టుకున్నాడా లేదా? నువ్వు చూసేస్తివి!" అని నన్ను కసిరి, ఆయన కూడా కిటికీ వైపు తిరిగిపోయాడు.

అదిరా చింటూ. అప్పట్నుంచీ నాకు అలవాటైపోయింది.

ఆ రోజుల్లోనే మన పిల్లలు చదువులకని విమానాల నిండా దిగారు. ఎక్కడ చూసినా బ్యాక్‌ప్యాకులు, బస్సుల్లో నిలబడ్డానికి చోటుండేది కాదు, కిందగది ఉందా ఆంటీ అని రోజూ ఎవరో ఒకరు ఫోను. మీ పిన్ని కూడా బేస్‌మెంట్ ఇద్దరమ్మాయిలకి ఇచ్చింది. అందులో శిరీష అని జగిత్యాల పిల్ల. ఇంతే ఉంటుంది, నా భుజం దాకా. పొద్దున కాలేజీ, సాయంత్రం ఒక స్టోర్‌లో పని. నడవడం నేను చూడలేదు, పరుగే. ఆ పిల్లకీ ఈయనకీ జోడీ కుదిరింది.

"అంకుల్, మీ తెలుగు మస్తుంటది. 'తింటిని, పోతిని' అని మా తాత గూడ అనడు."

"నీ తెలుగు నాకు సగం అర్థం కాదు. మస్తు అంటే ఏమి?"

"మస్తంటే మీరే అంకుల్!"

ఒకసారి అన్నాలు తింటూ శిరీష చెప్పింది, స్టోర్‌లో ఒకామె మొహం మీదే ఏదో అన్నదని. నేను, మాటకి మాట అనకపోయావా అన్నాను. "వద్దమ్మమ్మా. గొడవలల్ల మన పేరొచ్చిందంటే గంతే సంగతులు. పోలీసు కేసంటే ఈడ్నే ఉండనిచ్చే పీఆర్ గాదు కదా, ఉన్న చదువు పర్మిట్ గూడ పోతదని అంటున్రు. తలకాయ దించుకొని పోవుడే." అప్పుడు ఈయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. విన్నాడా లేదా నాకు తెలీదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ ఏడు ఏప్రిల్లో సీజను ముగిసి, కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ మొదలయ్యాయి. అప్పటిదాకా పాత చొక్కాతో వచ్చి సోఫాలో కూలబడే మనిషి, ఆవేళ గోధుమరంగు సూటు, టై, మెరిసే బూట్లతో తలుపు కొట్టాడు. శిరీష చూసి, "ఏంది అంకుల్, పెళ్ళిసూపులకు పోతున్నరా?" అంది. "ప్లేఆఫ్స్ కదమ్మా" అన్నాడు, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు. సోఫా వైపు రాలేదు. పైకెళ్ళే మెట్లలో మధ్యమెట్టు మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి టీవీ సగమే కనిపిస్తుంది.

రెండుమూడు మ్యాచ్‌లయ్యాక నేనే అడిగాను.

"సీజనంతా నేను కావాలక్కా. మా టీంలో మైకీ అని ఒక పొట్టోడు ఉండె. మెరుపు. గోల్స్ అన్నీ వాడివే. వాణ్ణి ఎవడన్నా గుద్దితే కోచ్ వెనకనుంచి నా భుజం తట్టేవాడు. మాట ఉండదు. తడితే నేను పోవాల. ప్లేఆఫ్స్ వస్తే ఆట మారిపోతాది. గుద్దుడు ఎక్కువ, కొట్లాట తక్కువ. ఒక్క పెనాల్టీకి ఏడాది కష్టం పోతాది కదా. అప్పుడు కొట్టేవాడు అక్కర్లే. కొట్టించుకొని ఊరుకునేవాడు కావాల. నేను స్కేటింగ్ మెల్లగ. రేపు సూటు తెచ్చుకో అని కోచ్ చెప్పేవాడు. సూటంటే ఆడేది లేదని. సూటు వేసుకున్నోళ్ళు మంచు మీద కాదు, పైన జనంలో కూర్చోవాల."

"ఒక్కసారన్నా ఆడనివ్వలేదా?"

"ఒక్కసారీ లేదు."

"మరి మా ఇంట్లో కూడా పైనే కూర్చోవాలా? సోఫా ఖాళీగా ఉంది కదయ్యా."

అప్పుడు చెప్పాడు. ఒక ప్లేఆఫ్స్ ఆటలో ఈయన పైన సూటులో ఉన్నాడు. కింద మైకీని ఇద్దరు కలిసి పక్కగోడకేసి గుద్దారు. మైకీ లేవలేదు. ఈయన లేచి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. జనం అడ్డం. "నేను కిందికి వచ్చేలోపల వాణ్ణి స్ట్రెచర్ మీద తీసకపోయిరి. మళ్ళీ వాడు ఆడలే." కాసేపు టై సర్దుకున్నాడు. "అందుకే మెట్లక్కా. సగం దిగి ఉంటే మేలు కదా."

ముద్దలు కలిపిన పళ్ళెం మెట్టు మీదికే తీసుకెళ్ళి ఇచ్చాను.

మెట్లంటే నాకు భయంగా ఉండేది, దానికి కారణముంది. ఆయన మేనకోడలు ఒకరోజు కంచె దగ్గర నన్ను పట్టుకుని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది: మామకి ఆ దెబ్బలన్నిటికీ మెదడు పాడైపోయింది, ఇప్పుడున్నది ఎంతో కొంత నిలబడాలంటే తలకి ఇంకొక్క దెబ్బ కూడా తగలకూడదని డాక్టరు ఖచ్చితంగా అన్నాడు, మీ ఇంట్లో జారకుండా చూడండి ఆంటీ, అని. ఆ రోజునుంచి ఆయన మెట్టు దిగుతుంటే నేను కింద చేతులు చాపుకుని నిలబడేదాన్ని. నేను ఆపగలిగే మనిషా ఆయన? అయినా నిలబడేదాన్ని.

పాడవడం మా కళ్ళముందే జరిగింది. "ఎవరు గెలుస్తుండారు?" అని అడిగేవాడు, చెప్పిన కాసేపటికి మళ్ళీ అడిగేవాడు. శిరీషని మైకీ అని పిలవడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆ పిల్ల, "మైకీ కాదంకుల్, శిరీషను" అనేది. తరవాత్తరవాత, "ఆ, చెప్పున్రి" అని పలికేది. ఒకసారి మెట్లమీద పుస్తకాలతో వెళుతూ, కొంచెం జరగమని ఆయన భుజం తట్టింది. ఆయన ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. మొహం మారిపోయింది. చెయ్యి జేబులో గ్లవ్స్ మీదికి వెళ్ళింది. "ఎవరు? ఎవడు?" అన్నాడు. ఆ తరవాత ఆయన భుజం తట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

మరుసటేడు మే నెల. మ్యాచ్ ఏడింటికి. ఇంకా ఎండ ఉంది, మధ్యలో సన్నగా తుంపర. ఆయన సూటుతో ముందే వచ్చేశాడు. శిరీష బియ్యం తెస్తానంది, మోయలేదు కదా, బస్‌స్టాప్ దాకా వెళ్ళి పట్టుకొద్దాం రా తమ్ముడూ అని నేనూ ఆయనా బయల్దేరాం. మన సందు చివరే స్టాపు.

బస్సు ఆగింది. పిల్లలు బిలబిలమంటూ దిగారు, అందరూ మనలాంటివాళ్ళే. చివర శిరీష, భుజాన బ్యాగు, చంకలో బియ్యం మూట. వెనకే ఒకతను దిగాడు. మన టీం జెర్సీ వేసుకున్నాడు, అప్పటికే తాగి ఉన్నాడు. బస్సంతా మీరే, ఇళ్ళన్నీ మీరే, ఒక్కో బేస్‌మెంట్‌లో ఎంతమంది కుక్కుకుంటారు, వచ్చిన చోటికి పొండి, ఇవీ మాటలు. మధ్యలో నేను రాయలేనివి కొన్ని. శిరీష తలకాయ దించుకునే నడుస్తోంది. అతను ఆ పిల్ల బ్యాగు పట్టుకుని వెనక్కి లాగాడు. బియ్యం మూట కిందపడి పిగిలింది.

నేను "ఏయ్!" అన్నాను.

ఆయన వెళ్ళాడు. పరిగెత్తలేదు. ఇద్దరి మధ్యకీ వెళ్ళి నిలబడి, ఎడమచేతి గ్లవ్ తీసి కింద వేశాడు. తరవాత కుడిది. తడి ఫుట్‌పాత్ మీద, బియ్యపు గింజల్లో. ఎవరి గ్లవ్ కిందపడినా వంగి తీసే మనిషి. తల, తల అనుకుంటున్నాను, ఇంకేమీ తోచడం లేదు.

ఒక్క సంగతి మాత్రం నేను బాగా చూశాను, ఎవరడిగినా చెబుతాను: ఆయన భుజం ఎవరూ తట్టలేదు. శిరీష నాలుగడుగుల అవతల ఉంది, నేను వెనక ఉన్నాను. ఎవరూ తట్టకుండానే వెళ్ళాడు.

తాగినతను నవ్వాడు. "ఎవరి పెళ్ళికి ముసలాయనా, ఆ సూటు?" అన్నాడు ఇంగ్లీషులో. ఈయన ఎడమచేత్తో అతని జెర్సీ మెడ దగ్గర పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడంటే, ఆ ముడుచుకోని వేళ్ళు ముడుచుకున్నాయి. అన్నం ముద్దకి రాని వేళ్ళు. అతని మడమలు నేలమీంచి లేచాయి, నవ్వు ఆగిపోయింది. కుడిచెయ్యి వెనక్కి వెళ్ళి, పైకి లేచింది.

అక్కడే ఆగిపోయింది.

ఎంతసేపో నేను చెప్పలేను. చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఆయన అతని మొహంలోకి చూస్తున్నాడు. ఒకసారి పక్కకి, శిరీష వైపు చూశాడు. తరవాత చెయ్యి దిగింది, మెల్లగా. జెర్సీ కూడా వదిలేశాడు. వదిలిన మరుక్షణం అతను రెండు చేతులతో ఈయన ఛాతీ మీద తోశాడు. ఈయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. వెనక్కి పడ్డాడు. బస్‌షెల్టర్ బెంచి ఇనుపకాలికి తల తగిలింది.

బస్సు డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు, ఎవరో ఫోన్ చేశారు. తోసినతను పారిపోలేదు. అక్కడే ఫుట్‌పాత్ మీద చతికిలబడి, నేను అంత గట్టిగా తోయలేదు, అంత గట్టిగా తోయలేదు అని ఏడుస్తూ కూర్చున్నాడు. అతనూ ఎవరి బిడ్డో. నాకప్పుడు అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా తీరిక లేదు.

శిరీష ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కళ్ళు తెరిచి ఆ పిల్లని చూసి, "మైకీ, నీకేమీ కాలే కదా?" అన్నాడు. "కాలే అంకుల్, నాకేం కాలే" అని అది ఏడుస్తోంది. తరవాత నన్ను చూశాడు. ఆయన చేతులు రెండూ సూటు మీద గజగజ వణుకుతున్నాయి. వాటిని తొడల కిందికి దూర్చుకోబోతున్నాడు, దూరడం లేదు.

"అక్కా" అన్నాడు. "చూడొద్దు. అటు తిరుగు."

నేను తిరిగాను. అంబులెన్స్ వచ్చేదాకా రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాను. శిరీషకి నా మీద కోపం వచ్చి ఉంటుంది, అంకుల్ అట్లా పడి ఉంటే అమ్మమ్మ అటు తిరిగి నిలబడిందేంటని. తరవాత చెప్పాను దానికి.

డాక్టరు అన్నట్టే అయింది. ప్రాణం నిలబడింది, మిగిలింది పోయింది. కేర్ హోమ్‌లో చేర్చారు. అక్కడికి నేను బస్సెక్కి వెళ్ళేదాన్ని. అన్నం డబ్బాలో పట్టుకెళ్ళి ముద్దలు చేసి పెడితే తినేవాడు, ఎవరు పెడుతున్నారని అడిగేవాడు కాదు. ఆ తెలుగు ముందు పోయింది, ఇంగ్లీషు తరవాత పోయింది. నర్సులకి ఆశ్చర్యం, ఏప్రిల్ రాగానే మాత్రం అలమర దగ్గరికి వెళ్ళి సూటు చూపించేవాడట. వేస్తే కుదురుగా కూర్చునేవాడు.

ఆ చెయ్యి ఎందుకాగిందో మాలో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. మేనకోడలు, "ఎత్తాక ఏం చెయ్యాలో మామ మర్చిపోయాడు ఆంటీ, అంతే" అంటుంది. మీ బాబాయి, ఆయన మనసులో అది ప్లేఆఫ్స్, కొడితే పెనాల్టీ పడి టీం నష్టపోతుందని ఆగాడు, ఇన్నాళ్ళకి ఆడనిచ్చారనుకున్నాడు పాపం, అంటాడు. శిరీష ఒప్పుకోదు. "నా పర్మిట్ గురించి ఆగిండమ్మమ్మా. ఆ రోజు అన్నం తినుకుంట నేనన్నది ఆయనకు యాదికుంది. కేసయితే నాకు ఇబ్బందని ఆగిండు." అంటుంది. దానికి పీఆర్ వచ్చింది చింటూ, ఈమధ్యే. వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి సంతోషంగా మొదలుపెట్టి, మాట్లాడలేక పెట్టేసింది.

కానీ మైకీ అని పిలిచాడే? మైకీ అన్న నోటితోనే నన్ను అక్కా అన్నాడే? ఎక్కడున్నాడు ఆయన అప్పుడు, మంచు మీదా, మన సందు చివరా?

పోయినప్పుడు మేనకోడలు ఫోన్ చేసి, సూటులోనే పంపిద్దామా ఆంటీ, అదే కదా ఆయనకి ఇష్టం అంది. వద్దమ్మా అన్నాను. సూటు ఆడనివ్వని వాళ్ళు వేసుకునేదని చెప్పాను. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలీదట. గరాజ్‌లో వెతికి పాత జెర్సీ తీసింది, మోచేతుల దగ్గర చిరిగిపోయి ఉంది. అదే వేశాం. నేను ఆ నల్ల గ్లవ్స్ తీసుకెళ్ళాను. ఆవేళ ఫుట్‌పాత్ మీదనుంచి ఏరుకొచ్చి, బియ్యం దులిపి, ఆరబెట్టి దాచాను. ఒకదానిలో ఒకటి దూర్చి చేతుల పక్కన పెట్టాను.

నువ్వు మొన్న, నీ ఆటలో ఎవరినో పక్కగోడకేసి గుద్దిన వీడియో పంపావు. బాగుందిరా, బాగా ఆడుతున్నావు. నేనేమీ అనను. అవతలి పిల్లవాడు లేచాడో లేదో వీడియోలో కనబడలేదు, అంతే. లేచాడని ఈసారి ఫోన్లో చెప్పు.

నీ ప్రశ్నకి జవాబు అయిపోయింది. నాదొకటి ఉండిపోయింది.

ఆయన పోవడానికి ముందు వారం వెళ్ళాను. మధ్యాహ్నం, టీవీలో పాత మ్యాచ్ ఏదో వేస్తున్నారు. ఆయన సూటులో, కిటికీ పక్క కుర్చీలో. ఆవేళ నన్ను చూసి కొద్దిగా నవ్వినట్టనిపించింది. ఎన్నాళ్ళుగానో అడగాలనుకుని అడగలేనిది, ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చి అడిగాను. ఆయన పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోతున్నాడని ముందుకి వంగాను. అంతలో చేతులు వణకడం మొదలైంది. మెల్లగా, ఎంతో కష్టపడి, వాటిని తొడల కిందికి పెట్టుకుంటున్నాడు.

నేను కిటికీ వైపు తిరిగిపోయాను. తిరిగే ఉన్నాను చాలాసేపు. వెనకనుంచి టీవీలో జనం అరుపులు తప్ప ఇంకేమీ వినబడలేదు. చెప్పాడో, చెప్పలేదో. మళ్ళీ ఇటు తిరిగేసరికి చేతులు సర్దుకున్నాయి, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

గ్లవ్స్ పడితే కొట్టి తీరాలన్నావు కదా తమ్ముడూ, చెయ్యి ఎత్తి మరీ ఎందుకాగిపోయావు?